బ్యాలెన్స్‌డ్ ఫండ్లను ఎలా పోల్చుకోవాలి, మీకు సరిపడేది ఎలా ఎంచుకోవాలి

జీతం పడ్డాక ఈఎంఐ, చిట్టీ, పిల్లల ఫీజులు పోను మిగిలినదాంట్లో కొంత మ్యూచువల్ ఫండ్‌లో పెడదామని హైదరాబాద్‌లో ఎవర్ని అడిగినా ముందు వచ్చే సలహా ఒకటే: "బ్యాలెన్స్‌డ్ ఫండ్ తీసుకోండి సార్, రిస్క్ తక్కువ." బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ ఇదే చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన కూడా ఇదే చెబుతాడు. అది సగమే నిజం. షేర్లు, బాండ్లు (అప్పు పత్రాలు) కలిపి కొనే ఈ కుటుంబానికి చెందిన ఫండ్లలో కొన్ని షేర్లలో పావు వంతు కూడా పెట్టవు, కొన్ని ఎనభై శాతం దాకా పెడతాయి. మార్కెట్ కూలిన రోజు ఈ రెండూ ఒకేలా పడవు. అందుకని "ఏ ఫండ్ మంచిది?" అని అడగబోయే ముందు "నా డబ్బులో షేర్లు ఎంత శాతం ఉండాలి?" అన్నది తేల్చుకోవాలి. అది తేలకుండా స్టార్ రేటింగులు ఎన్ని చూసినా టైమ్ వేస్ట్.

ముందు మీ సొంత లెక్క రాసుకోండి

ఒక కాగితం తీసుకుని మీకున్నవన్నీ రాయండి. పీఎఫ్, పీపీఎఫ్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎల్ఐసీ పాలసీ ఇప్పుడు సరెండర్ చేస్తే వచ్చే మొత్తం, బంగారం, షేర్లు, ఉన్న ఫండ్లు. ఉంటున్న ఇల్లు రాయొద్దు. షాద్‌నగర్ దగ్గర కొన్న ప్లాటు ఉంటే విడిగా పక్కన రాసుకోండి. అవసరమైన వారంలో అమ్మగలిగేది కాదు కాబట్టి ఈ లెక్కలో కలపొద్దు.

కేపీహెచ్‌బీలో ఉండే 35 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరిని ఊహించుకుందాం. పీఎఫ్‌లో 9 లక్షలు, ఎఫ్‌డీలో 3 లక్షలు, పాలసీ విలువ 2 లక్షలు, ఎప్పుడో ఫ్రెండ్ చెబితే కొన్న షేర్లు లక్ష. మొత్తం 15 లక్షలు. అందులో షేర్ల వాటా ఏడు శాతం కూడా లేదు. ఈయన "రిస్క్ వద్దు" అనుకుని తొంభై శాతం బాండ్లుండే కన్జర్వేటివ్ ఫండ్ కొంటే, పీఎఫ్ చేస్తున్న పనినే ఇంకోసారి చేయించినట్టు. పైగా పీఎఫ్ కంటే ఎక్కువ పన్ను కట్టి మరీ. ఈయనకు షేర్ల వాటా పెంచే ఫండ్ కావాలి.

అదే ఇంట్లో నిరుడు రిటైరైన నాన్నగారికి లెక్క వేరు. ఆయనకు పీఎఫ్ చేతికొచ్చేసింది, నెలనెలా ఖర్చు అందులోంచే వెళ్లాలి. ఆయనకు పతనం ఎంత లోతుగా ఉంటుందన్నదే మొదటి ప్రశ్న. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే ఫండ్ అంటగట్టే ఏజెంటు మాట వినక్కర్లేదు.

రెండు షరతులు ముందే పెట్టుకోండి. ఆర్నెల్ల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో గానీ సేవింగ్స్‌లో గానీ ఉండాలి. మూడేళ్లలోపు కావాల్సిన డబ్బు, అది ఫ్లాట్ డౌన్‌పేమెంట్ అయినా చెల్లెలి పెళ్లి ఖర్చయినా, షేర్లు గట్టిగా ఉన్న ఏ ఫండ్‌లోనూ పెట్టొద్దు. చిట్టీని ఎమర్జెన్సీ నిధిగా లెక్కేస్తారు చాలామంది. పాట మీకు దక్కేదాకా ఆ డబ్బు మీది కాదు.

ఎంత పడితే ఓర్చుకోగలరు?

2020 జనవరిలో 12,300 పైన ఉన్న నిఫ్టీ, కొవిడ్ భయంతో మార్చి 23 నాటికి 7,610కి దిగింది. రెండు నెలల్లో దాదాపు 38 శాతం. అలాంటి పతనమే మళ్లీ వచ్చిందనుకుని మీ 10 లక్షల మీద లెక్క వేయండి. బాండ్ల విలువ కదలలేదని, మేనేజర్ మధ్యలో ఏమీ మార్చలేదని అనుకుందాం.

షేర్లు 75 శాతం ఉన్న ఫండ్‌లో మీ 10 లక్షలు సుమారు 7 లక్షల 15 వేలు అవుతాయి. 50 శాతం ఉంటే 8 లక్షల 10 వేలు. 40 శాతమే ఉంటే 8 లక్షల 48 వేలు.

ఈ మూడు అంకెల్లో ఏది ఫోన్‌లో కనిపించినా అమ్మకుండా ఉండగలరో నిజాయతీగా చెప్పుకోండి. మార్కెట్ పైకి పోతున్నప్పుడు అందరూ మొదటిదే అంటారు. అందుకే ఈ ప్రశ్న భార్యాభర్తలు కలిసి కూర్చుని తేల్చుకోవాల్సింది. ఒకరు పెట్టుబడి పెట్టి, పడ్డాక ఇంకొకరు "నేను ముందే చెప్పాను" అంటే ఆ సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) ఎక్కువ కాలం నడవదు.

ఇప్పుడు రకాలు

2017 అక్టోబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫండ్లను రకాలుగా విడగొట్టి, ఏ పేరుతో ఉన్న ఫండ్‌లో ఏది ఎంత ఉండాలో హద్దులు గీసింది. మనకు పనికొచ్చేవి ఇవి (హైబ్రిడ్ అంటే షేర్లు, బాండ్లు కలగలిసినది; ఈక్విటీ అంటే షేర్లే):

- కన్జర్వేటివ్ హైబ్రిడ్: షేర్లు 10 నుంచి 25 శాతం, మిగతాది బాండ్లు.
- బ్యాలెన్స్‌డ్ హైబ్రిడ్: షేర్లు 40 నుంచి 60, బాండ్లు 40 నుంచి 60 శాతం.
- అగ్రెసివ్ హైబ్రిడ్: షేర్లు 65 నుంచి 80, బాండ్లు 20 నుంచి 35 శాతం.
- బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్, దీనికే డైనమిక్ అసెట్ అలొకేషన్ అని ఇంకో పేరు: హద్దు లేదు, మేనేజర్ గానీ ఆయన మోడల్ గానీ ఎంతంటే అంత.
- మల్టీ అసెట్ అలొకేషన్: కనీసం మూడు రకాల ఆస్తులు, ఒక్కోదాంట్లో కనీసం 10 శాతం. మూడోది చాలావాటిలో బంగారమే.
- ఈక్విటీ సేవింగ్స్: షేర్లు 65 శాతం ఉన్నట్టే కనిపిస్తాయి గానీ వాటిలో మంచి భాగం ఆర్బిట్రేజ్, అంటే మార్కెట్ పెరిగినా పడినా తేడా రాకుండా కట్టుదిట్టం చేసుకున్నది.

ఇక్కడ ఒక చిక్కుంది. అచ్చమైన బ్యాలెన్స్‌డ్ హైబ్రిడ్ ఫండ్లు వెతికితే చాలా తక్కువ దొరుకుతాయి. అప్పటి నియమాల్లో ఒక కంపెనీ బ్యాలెన్స్‌డ్ గానీ అగ్రెసివ్ గానీ ఏదో ఒకటే నడపాలన్నారు. పాత బ్యాలెన్స్‌డ్ ఫండ్లలో ఎక్కువ భాగం అప్పటికే 65 శాతానికి పైగా షేర్లతో నడుస్తున్నాయి, పన్ను కూడా అటే లాభం. అవి చాలావరకు అగ్రెసివ్ వైపు వెళ్లిపోయాయి. కాబట్టి ఎవరైనా నోటిమాటగా "బ్యాలెన్స్‌డ్" అంటే వాళ్ల ఉద్దేశం అగ్రెసివ్ హైబ్రిడో, బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజో అయ్యుంటుంది. ఏదో అడిగి తెలుసుకోండి. రెంటికీ చాలా తేడా.

ఇంట్లో ఇప్పటికే బంగారం దండిగా ఉంటే (మన ఇళ్లలో ఉంటుంది) మల్టీ అసెట్ కోసం ఆరాటపడక్కర్లేదని నా అభిప్రాయం. నగలు అమ్మేది లేదంటారా, అప్పుడు అది పెట్టుబడి లెక్కలోకి రాదు, మళ్లీ ఆలోచించండి.

ఫ్యాక్ట్‌షీట్ తెరవండి, నికర ఈక్విటీ చూడండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ప్రతి ఫండ్ కంపెనీ తన సైట్‌లో నెలనెలా ఫ్యాక్ట్‌షీట్ (ఫండ్‌లో ఏది ఎంత ఉందో చూపే పత్రం) పెడుతుంది. అందులో మీకు కావాల్సిన పేజీ ఒక్కటే. దాన్ని ఇలా చదవాలి.

ఒక బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో ఇలా ఉందనుకోండి: షేర్లు 68 శాతం, బాండ్లు 24 శాతం, నగదు 8 శాతం. చూడగానే దాదాపు అగ్రెసివ్ ఫండ్‌లా ఉంది. కిందికి వెళ్తే డెరివేటివ్స్ అనే గడిలో మైనస్ 26 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే ఫండ్ మొత్తం విలువలో 26 శాతానికి సమానమైన షేర్లకు ఎదురుగా ఫ్యూచర్స్ (ముందు తేదీకి ధర ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందాలు) అమ్మి పెట్టారు. ఆ భాగానికి మార్కెట్ పెరిగినా పడినా ఒకటే, వడ్డీలాంటి చిన్న రాబడి మాత్రం వస్తుంది. 68లోంచి 26 తీస్తే 42. ఆ ఫండ్ అసలు ఈక్విటీ, అంటే నికర ఈక్విటీ, అదే. మార్కెట్ పడితే మీరు నష్టపోయేది ఆ 42 శాతం మీదే, పెరిగితే లాభపడేదీ దానిమీదే.

మరి అమ్మేసేదానికి 68 దాకా కొనడమెందుకు? పన్ను కోసం. దేశీయ షేర్లు 65 శాతానికి తగ్గకుండా ఉంటేనే ఆ ఫండ్‌ను ఈక్విటీ ఫండ్‌గా చూసి తక్కువ పన్ను వేస్తారు.

ఇప్పుడు అదే ఫండ్ పన్నెండు నెలల ఫ్యాక్ట్‌షీట్లు వరసగా తెరిచి నికర ఈక్విటీ ఒక్కటే రాసుకుంటూ పోండి. కాస్త విసుగు పనే, అయినా అరగంటలో అయిపోతుంది. ఆ వరస చూస్తే ఫండ్ స్వభావం తెలిసిపోతుంది. కొన్నింటిలో ఏడాదంతా పెద్దగా మార్పుండదు, పేరుకే డైనమిక్. కొన్ని మార్కెట్ ఖరీదైన కొద్దీ తగ్గించుకుంటూ, చౌకైతే పెంచుకుంటూ పోతాయి. ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఈ తరహాది, షేరు ధరకూ పుస్తక విలువకూ (కంపెనీ లెక్కల్లోని నికర ఆస్తి విలువకూ) ఉన్న నిష్పత్తి దాని మోడల్‌కు ఆధారం. ఎడెల్‌వైజ్‌ది దాదాపు తిరగేసిన పద్ధతి, మార్కెట్ ఊపు ఎటుంటే అటు వెళ్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఇదే వర్గంలో ఉన్నా మొదట్నుంచీ షేర్లు ఎక్కువగా పెట్టుకునే రకం. ఈ మూడింటి రాబడులనూ ఒకే పట్టికలో పెట్టి "ఇది ఫస్ట్, అది లాస్ట్" అంటే అర్థం లేదు. ఒకటి ఎక్కువ రిస్క్ తీసుకుని ఎక్కువ సంపాదించింది, ఇంకోటి తక్కువ తీసుకుని తక్కువ. మీరు కాగితం మీద రాసుకున్న శాతానికి ఏది దగ్గరగా ఉందో అది చూడండి.

అగ్రెసివ్ హైబ్రిడ్‌లో ఈ గొడవ తక్కువ. అక్కడ చూడాల్సింది షేర్లలో ఎలాంటివి ఉన్నాయని. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, ఆ తర్వాతవి స్మాల్ క్యాప్. రెండు ఫండ్లలోనూ 75 శాతం షేర్లే ఉండొచ్చు. ఒకదాంట్లో అన్నీ పెద్ద బ్యాంకులు, పెద్ద ఐటీ కంపెనీలు. రెండోదాంట్లో మూడో వంతు చిన్న కంపెనీలు. గత మూడేళ్లలో రెండోది బాగా పరిగెత్తిందంటే కారణం మేనేజర్ తెలివి కాకపోవచ్చు, ఆ చిన్న కంపెనీల ఊపే కావచ్చు. పడేటప్పుడు కూడా అదే ముందు పడుతుంది.

బాండ్ల వైపు కూడా ఓ చూపు

ఇది ఎవరూ చూడరు. 2018లో మౌలిక సదుపాయాలకు అప్పులిచ్చే పెద్ద కంపెనీ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చెల్లింపులు ఎగ్గొట్టింది, అంతకు కొద్దికాలం ముందు దాకా దాని కాగితాలకు అత్యుత్తమ రేటింగ్ ఉండేది. అవి కొన్న ఫండ్ల ఎన్‌ఏవీలు (ఒక్కో యూనిట్ విలువ) ఒక్కసారిగా దెబ్బతిన్నాయి. ఫ్యాక్ట్‌షీట్‌లో ప్రభుత్వ బాండ్లు, అత్యుత్తమ రేటింగ్ ట్రిపుల్ ఏ, దాని కింద డబుల్ ఏ, అంతకన్నా తక్కువ అని విడివిడిగా ఇస్తారు. హైబ్రిడ్ ఫండ్‌లో బాండ్లు ఉన్నదే షేర్లు పడినప్పుడు ఆదుకోవడానికి. అక్కడ కూడా అర శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడి బలహీన కంపెనీలకు అప్పులిచ్చే ఫండ్‌ను నేనైతే పక్కన పెడతాను.

రాబడులు చూడటంలో మోసపోకుండా

ఐదేళ్ల రాబడి అని యాప్‌లో కనిపించేది ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా లెక్క. 2025 మార్చిలో చూసినవాళ్లకు ఆ ఐదేళ్లు సరిగ్గా కొవిడ్ పతనం అడుగు నుంచి మొదలయ్యాయి. అప్పుడు ప్రతి ఫండూ బంగారు కొండలాగే కనిపించింది. అందుకే రోలింగ్ రిటర్న్స్ చూడాలి. అంటే ఏ రోజు మొదలుపెట్టినా మూడేళ్లకో ఐదేళ్లకో ఎంత వచ్చిందో అన్నీ లెక్కేసి, వాటిలో కనిష్ఠం, సగటు, గరిష్ఠం చూడటం. వీటిని ఉచితంగా చూపించే సైట్లున్నాయి. నా దృష్టిలో సగటు కంటే కనిష్ఠానికే ఎక్కువ విలువ.

పోల్చేటప్పుడు ఒకే వర్గంలో పోల్చండి, ఒకే కాలానికి పోల్చండి, డైరెక్ట్ ప్లాన్‌ను (మధ్యవర్తి కమీషన్ లేనిది) డైరెక్ట్‌తోనే పోల్చండి. బెంచ్‌మార్క్ (పోల్చి చూసే కొలబద్ద) కూడా సరైనదై ఉండాలి. అగ్రెసివ్ హైబ్రిడ్‌ను నిఫ్టీ 50తో పోలిస్తే కుదరదు, 65 శాతం షేర్లు, 35 శాతం బాండ్లు కలిపిన హైబ్రిడ్ ఇండెక్స్‌తో పోల్చాలి. పదేళ్లలో ఆ ఇండెక్స్‌ను దాటలేని ఫండ్‌కు ఫీజు కట్టడమెందుకు?

కొత్త ఫండ్ వస్తోంది, యూనిట్ పది రూపాయలకే అంటూ ఫోన్లు వస్తాయి. ప్లాట్లు కొని అలవాటైన మనకు గజం రేటు తక్కువంటే చవకని తోస్తుంది. ఫండ్ యూనిట్‌కు ఆ లెక్క చెల్లదు. పది వేలకు పది రూపాయల యూనిట్లు వెయ్యి వస్తాయి, నాలుగు వందలవి పాతిక వస్తాయి. లోపలి షేర్లు పది శాతం పెరిగితే రెండూ పదకొండు వేలే. కొత్త ఫండ్‌కు చూడటానికి చరిత్రే ఉండదు, అంతే తేడా.

ఖర్చు, డైరెక్ట్ ప్లాన్

2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ డైరెక్ట్ ప్లాన్ ఉంది. రెగ్యులర్ ప్లాన్‌లో అమ్మినవాళ్ల కమీషన్ ప్రతి ఏటా మీ డబ్బులోంచే వెళ్తుంది. హైబ్రిడ్ ఫండ్లలో ఈ తేడా అర శాతం నుంచి ఒక శాతం పైదాకా చూస్తుంటాం. నెలకు పది వేల సిప్, ఇరవై ఏళ్లు. ఏటా 11 శాతం వస్తే సుమారు 87 లక్షలు, 10 శాతం వస్తే సుమారు 76 లక్షల 50 వేలు. ఒక్క శాతం ఖరీదు పది లక్షలకు పైనే.

అలాగని కమీషన్ తీసుకునేవాళ్లంతా దండగ అనను. 2020 మార్చిలో "అమ్మొద్దు, ఆగండి" అని గట్టిగా చెప్పిన మనిషి ఆ కమీషన్‌కు న్యాయం చేసినట్టే. అలాంటివాళ్లు మీకు లేకపోతే డైరెక్ట్‌కు వెళ్లండి. సలహా కావాలంటే సెబీ దగ్గర నమోదైన అడ్వైజర్‌కు విడిగా ఫీజు ఇవ్వండి.

పన్ను

2024 జులై 23 నుంచి అమలైన రేట్ల ప్రకారం, దేశీయ షేర్లు 65 శాతానికి తగ్గని ఫండ్లను (అగ్రెసివ్ హైబ్రిడ్, ఎక్కువ శాతం బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్) ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం. ఏడాది దాటితే, అలాంటి లాభాలన్నీ కలిపి ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేలు దాటిన దానిమీదే 12.5 శాతం. లాభం 2 లక్షలైతే 75 వేల మీద 9,375 రూపాయలు, సెస్ కలిపి 9,750.

షేర్లు 40 నుంచి 60 శాతం ఉండే ఫండ్లకు రెండేళ్లు దాటితే 12.5 శాతం, లోపైతే మీ శ్లాబు. బాండ్లు 65 శాతం మించిన కన్జర్వేటివ్ రకానికి, 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్నవాటికి, ఎన్నేళ్లు ఉంచినా శ్లాబు రేటే. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఇది పెద్ద తేడా. ఆదాయం తక్కువున్న రిటైరైన వాళ్లకు అంత పట్టింపు ఉండకపోవచ్చు.

హైబ్రిడ్ ఫండ్‌కున్న అసలు సుఖం కూడా పన్నులోనే ఉంది. షేర్లు పెరిగాక కొన్ని అమ్మి బాండ్లలోకి మార్చే పని మీరే చేస్తే ప్రతిసారీ పన్ను లెక్కలోకి వస్తుంది. ఫండ్ లోపల మేనేజర్ చేస్తే మీకు ఏమీ పడదు.

నెలనెలా డబ్బు కావాలనే పెద్దవాళ్లకు

కొన్నేళ్ల కిందట "నెలకు ఒక శాతం డివిడెండ్" అని చెప్పి బ్యాలెన్స్‌డ్ ఫండ్లను రిటైరైనవాళ్లకు బాగా అమ్మారు. ఆ డివిడెండ్ వడ్డీ కాదు, మీ యూనిట్ల విలువలోంచి తీసి ఇచ్చేదే. ఇచ్చిన రోజు ఎన్‌ఏవీ అంత తగ్గుతుంది. అందుకే 2021 ఏప్రిల్ నుంచి సెబీ ఆ ఆప్షన్ పేరునే ఐడీసీడబ్ల్యూ (ఆదాయ పంపిణీతో పాటు మూలధన ఉపసంహరణ) అని మార్చింది, పంచే సొమ్ములో మీ అసలు కూడా ఉండొచ్చని పేరులోనే తెలిసేలా. ఆ వచ్చిందంతా మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

నాన్నగారికి నెలకు 20 వేలు కావాలంటే గ్రోత్ ఆప్షన్ (లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) తీసుకుని, ఏడాది దాటాక ఎస్‌డబ్ల్యూపీ (నెలనెలా కొంత వెనక్కి తీసుకునే ఏర్పాటు) పెట్టండి. ప్రతి నెలా కొన్ని యూనిట్లు అమ్ముడై డబ్బు ఖాతాలో పడుతుంది, వాటిలోని లాభానికే పన్ను. ఏటా తీసేది ఫండ్ విలువలో ఐదారు శాతం మించకుండా చూసుకోవాలి. ప్రభుత్వ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ నింపిన తర్వాతే దీని జోలికి రమ్మంటాను.

కొనడం, ఆ తర్వాత

ఇంత చూశాక మిగిలేవి రెండో మూడో. వాటిలో ఒకటి చాలు. రెండు అగ్రెసివ్ హైబ్రిడ్లు తీసుకుంటే రెంటిలోనూ అవే పెద్ద బ్యాంకులు, అదే రిలయన్స్ కనిపిస్తాయి. కంపెనీ సైట్‌లో గానీ ఎంఎఫ్ సెంట్రల్ అనే ఉమ్మడి సైట్‌లో గానీ పాన్, ఆధార్‌తో కేవైసీ పూర్తి చేసి డైరెక్ట్, గ్రోత్ అని రెండు మాటలు సరిచూసుకుని కొనండి. నామినీ పేరు తప్పనిసరిగా పెట్టండి. ఆన్‌లైన్ అలవాటు లేని పెద్దవాళ్లకు ఊళ్లోనే దారి ఉంది. చాలా ఫండ్ కంపెనీల రికార్డులు చూసే కేఫిన్‌టెక్ హైదరాబాద్ కంపెనీయే, దాని సర్వీస్ సెంటర్లో కాగితాల మీద పని చేయించుకోవచ్చు. పాత ఫండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులేకపోతే పాన్, ఈమెయిల్ ఇస్తే అన్నీ కలిపిన స్టేట్‌మెంట్ వచ్చేస్తుంది.

ఏడాదికోసారి మళ్లీ ఆ కాగితం, ఆ ఫ్యాక్ట్‌షీట్ తీయండి. ఒక సంవత్సరం వెనకబడిందని ఫండ్ మార్చొద్దు. మేనేజర్ మారి నికర ఈక్విటీ తీరే మారిపోతే, బాండ్ల నాణ్యత దిగజారితే, లేదా మూడేళ్ల రోలింగ్ రాబడి వరసగా బెంచ్‌మార్క్ కంటే కిందే ఉంటే మార్చడం సబబు. అప్పుడు కూడా ముందు సిప్‌ను కొత్త ఫండ్‌కు మళ్లించండి. పాత యూనిట్లను స్విచ్ చేసినా అది అమ్మకం కిందికే వస్తుంది. చాలా ఫండ్లలో ఏడాది నిండని యూనిట్లకు ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (బయటికి వచ్చేటప్పుడు పట్టుకునే రుసుము) కూడా ఉంటుంది. కాబట్టి ఏడాది దాటినవాటిని, లాభం లక్షా పాతిక వేల లోపు ఉండేలా, రెండు మూడు ఆర్థిక సంవత్సరాల్లో కొంచెం కొంచెంగా తీయండి.